పడవకి నీళ్ళు తగలనివ్వకండి

పాత చెక్క మోటారు బోటు ఒకటి కొని, బాగుచేసి, తళతళలాడించి, నలుగురికీ చూపించాలన్న కోరిక మీకెప్పుడైనా పుడితే ముందు నన్ను అడగండి. మిషిగన్‌లో ఉంటాను. తొమ్మిదేళ్ళుగా నా దగ్గర 1948 నాటి పదిహేడు అడుగుల క్రిస్-క్రాఫ్ట్ ఉంది. ఈ తొమ్మిదేళ్ళలో అది నీళ్ళమీద హాయిగా తిరిగింది మొత్తం పదకొండు గంటలు. సగం మునిగి ఉన్న రెండు గంటలు అందులో కలపలేదు. ఇంత అనుభవం ఉన్నవాడు మీకు ఇంకొకడు దొరకడు.

కొనడం

పడవని మిట్టమధ్యాహ్నం ఎండలో, పదడుగుల దూరంలో నిలబడి, పైనుంచి మాత్రమే చూడాలి. ఆ వేళప్పుడు మహాగని కర్ర పాకంలో ముంచి తీసినట్టు ఉంటుంది. డెక్కు మీద తెల్లటి గీతలు, ముందు క్రోమియం దీపం, ఎర్ర తోలు సీట్లు. ఇంకేం చూడాలి? పెళ్ళిచూపులకి ఎవరైనా టార్చిలైటు పట్టుకెళ్తారా?

కొందరు చాదస్తులు పట్టుకెళ్తారు. టార్చిలైటుతో పాటు సూదిమొన ఉన్న పనిముట్టు ఒకటి, చిన్న చెక్కసుత్తి ఒకటి తెచ్చుకుని, నేలమీద వెల్లకిలా పడుకుని పడవ కిందకి దూరతారు. అడుగున పొడుగూతా ఉండే దూలం దగ్గర, వెనక బల్ల మూలల్లో, వాననీళ్ళు చేరి నిలిచే ప్రతి చోటా పొడుస్తారు, తడతారు. కర్ర గట్టిదైతే మొన దిగదు, సుత్తి దెబ్బకి ఖణేల్‌మంటుంది. పుచ్చిపోయిందైతే మొన ఉడికిన కందలోకి దిగినట్టు దిగుతుంది, చప్పుడు తడిసిన అట్టపెట్టెని కొట్టినట్టు ఉంటుంది. ఆ చప్పుడు విన్నాక ఎవరికైనా కొనబుద్ధి పుడుతుందా? అందుకే తట్టొద్దంటున్నాను.

కార్డు కూడా తెప్పించుకోవద్దు. క్రిస్-క్రాఫ్ట్ కంపెనీ తను కట్టిన పడవలకి నంబర్లు వేసి, ఏ పడవలో ఏ ఇంజను బిగించారు, ఏ రంగు వేశారు, ఎక్కడికి పంపారు అన్నది కార్డుల మీద రాసిపెట్టుకుంది. ఆ కార్డులు ఇప్పుడు వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో మ్యారినర్స్ మ్యూజియంలో ఉన్నాయి. నంబరు చెప్పి అడిగితే నకలు వస్తుంది. నేను కొన్న ఏడాదికి తెప్పించాను. అమ్మినాయన ప్రమాణం చేసి చెప్పిన 'పుట్టినప్పటి ఇంజను' నాలుగు సిలిండర్లది. కార్డులో ఉన్నది ఆరు సిలిండర్ల 95 గుర్రాలది. ఇప్పుడా కార్డుని మా ఆవిడకి కనబడకుండా బీరువాలో పాస్‌పోర్టుల కింద దాచాను.

రసాస్వాదన

పడవ వాకిట్లోకి వచ్చిందంటే చుట్టాలొస్తారు. వాళ్ళని పడవెక్కించొద్దు, ఉపన్యాసం ఇవ్వండి.

సామగ్రికి కొదవలేదు. మా ఇంటికి గంటన్నర దూరంలో సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్ అనే చిన్న ఊరుంది. క్రిస్-క్రాఫ్ట్ పుట్టిల్లు అదే. వ్యవస్థాపకుడి పేరు క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్. నిజంగా అదే పేరు, నేను కల్పించింది కాదు. గార్ వుడ్ అనే ఇంకో మహానుభావుడు టిప్పర్ లారీల వెనక తొట్టిని పైకెత్తే హైడ్రాలిక్ యంత్రం కనిపెట్టి బోలెడు డబ్బు గడించి, ఆ డబ్బంతా నీళ్ళమీద వేగానికి తగలేశాడు. స్మిత్ వాళ్ళతో కలిసి ఆల్గొనాక్‌లో కట్టించిన 'మిస్ అమెరికా'ని 1920లో ఇంగ్లండు తీసుకెళ్ళి హార్మ్‌స్‌వర్త్ ట్రోఫీ గెలుచుకొచ్చాడు. 1932లో ఆ వరసలో పదో పడవకి నాలుగు పాకార్డ్ విమాన ఇంజన్లు తగిలించి, ఆ సెయింట్ క్లెయిర్ నదిమీదే గంటకి దాదాపు 125 మైళ్ళు కొట్టాడు.

ఇదంతా చెప్పి, చివర్న మీ పడవని కూడా అదే వంశంలో కలిపెయ్యండి. నాది బ్యాంకు గుమస్తాలూ పళ్ళ డాక్టర్లూ ఆదివారం పిల్లల్ని తిప్పడానికి కొనుక్కున్న రకం. ఆ సంగతి అడిగితేనే చెప్పాలి. ఎవరూ అడగరు.

రీవా పేరు కూడా ఎక్కడో ఒకచోట దూర్చాలి. గోధుమరంగులో మెరిసే పడవ ఏది కనబడినా "అచ్చం రీవానే" అంటే చాలు. అసలు రీవా ఇటలీలో, ఇజియో సరస్సు ఒడ్డున సార్నికోలో తయారైంది. అందులో ఆక్వరామా అనే మోడల్ 1962 నుంచి 1996 దాకా కట్టారు. దానికీ నా పడవకీ ఉన్న పోలిక రెండూ తేలడం. నా పడవ విషయంలో అది కూడా కొన్నాళ్ళే.

ఒక హెచ్చరిక. ఒహాయోలో సాండస్కీ ఊరి లైమన్ పడవలని ఉంటాయి. పక్కపలకలు పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, చాలావాటికి పక్కలన్నీ తెల్ల పెయింటే. ఆ పడవలున్నవాళ్ళతో స్నేహం వద్దు. వాళ్ళు మెరుపు గురించి మాట్లాడరు, శనివారం పొద్దున్నే చేపలకి పోతారు.

అడుగు

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ పడవల కీలకమంతా అడుగులో ఉంది. వైట్ ఓక్ పక్కటెముకలు, వాటికింద రెండు వరసల మహాగని పలకలు. లోపలి వరస ఏటవాలుగా, బయటి వరస పొడుగ్గా, రెంటికీ మధ్య జిగురు మందు పట్టించిన కాన్వాసు గుడ్డ. కొన్ని వందల స్క్రూలు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున ఈ అడుగు రాయిలా ఉండేది. ఇప్పుడు దానికి డెబ్భై దాటాయి.

కర్ర తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. చలికాలమంతా హీటరు పెట్టిన గరాజులో ఉంచితే మే నెలకి పలకల మధ్య పోస్టుకార్డు దూరేంత సందులు పడతాయి. నా పడవకి పడ్డాయి. ఆ ఏడాది మా అత్తగారు ముమ్మిడివరం నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. గరాజులోకి తొంగిచూసి అన్నారు.

"కర్ర ఎండిపోయినట్టుందండీ అల్లుడుగారూ. నానబెట్టరా?"

"ఇది పడవండీ."

"అదేనండీ. మా నాన్నగారు ఎండాకాలం బండిచక్రాలు చెరువులో పడేయించేవారు. రెండ్రోజులుంటే ఆకులు ఉబ్బి ఇనపకట్టు బిగిసిపోయేది. లేకపోతే దారిలో ఊడేది."

ఆవిడకి తెలిసింది బండిచక్రం. నా చేతిలో ఉన్నది అమెరికా ఇంజనీరింగు. నవ్వి ఊరుకున్నాను. మీరూ అంతే చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళ మాట విన్నవాడు చెక్క పడవ కొనే పరిస్థితే రాదు.

రేవు దగ్గర ఎనభై దాటిన ముసలి వడ్రంగి ఒకాయన ఉంటాడు. జీవితమంతా ఈ పడవలతోనే గడిపాడు. ఆయనా చిత్రంగా బండిచక్రం మాటే అన్నాడు, చక్రం పేరెత్తకుండా. రెండు మూడ్రోజులు పట్టీల మీద వేలాడదీసి నీళ్ళలో ఉంచాలట, లోపల పంపు నడుస్తూ ఉండాలట. లేదా గరాజులోనే కింద తడి గోనెలు పరిచి, రోజూ తడుపుతూ కర్రకి నెమ్మదిగా దాహం తీర్చాలట. మూడ్రోజులు! ఆదివారానికి మూడు కుటుంబాల్ని పిలిచేశాను నేను.

ట్రైలరు వెనక్కి నడిపాం, పడవ తేలింది, చప్పట్లు కొట్టారు. ఆరుగురం ఎక్కాం. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఒడ్డుకి వంద గజాల దూరం వెళ్ళాక, వెనక సీటు కింద పెట్టిన పులిహోర స్టీలుగిన్నె, మూతతో సహా, దానంతటది నా కాళ్ళదగ్గరికి నడిచొచ్చింది. ముందు ఎవరో తోశారనుకున్నాను. వంగి చూస్తే గిన్నె తేలుతోంది. దానికింద నా బూట్లు కనబడటం లేదు.

ఇక్కడ నా సలహా: కంగారుపడకండి, అతిథులకి ఇది మామూలే అని చెప్పండి. ఒకరకంగా నిజమే కూడా. ఎండిన పడవ మొదట కారుతుంది, ఉబ్బాక ఆగుతుంది. ఉబ్బడానికి రెండ్రోజులు కావాలి, మునగడానికి నలభై నిమిషాలు చాలు, అంతే తేడా. ఒడ్డు చేరేసరికి వెనక భాగం నీళ్ళలో ఉంది. ఆ రెండు గంటలూ ముసలాయన తెచ్చిన పంపే మమ్మల్ని కాపాడింది. పులిహోర కూడా బతికింది, మూత గట్టిది.

రెండో ఏడు తెలివి తెచ్చుకున్నాను. సందులుంటేనే కదా నీళ్ళొచ్చేది? అన్ని సందుల్లోనూ రాయిలా గట్టిపడే ఎపాక్సీ లప్పం కూరి, నున్నగా తోమి, పెయింటు వేశాను. నీళ్ళలో దించితే చుక్క రాలేదు. ముసలాయన్ని పిలిచి చూపించాను. ఆయన ఏమీ అనకుండా తల గోక్కున్నాడు. ఆ రాత్రి పడవని రేవులోనే కట్టి ఇంటికొచ్చాం. మర్నాడు పొద్దున్న కాఫీ కప్పుతో పడవలో కూర్చుంటే కిందనుంచి 'టప్'మంది. కాసేపటికి ఇంకోటి. పలకలు తడిసి ఉబ్బడం మొదలుపెట్టాయి, ఉబ్బడానికి ఉండాల్సిన చోట్లో నేను రాయి కూరిపెట్టాను. పలకలు ఎటు పోతాయి? స్క్రూలని పీక్కుని బయటికి వచ్చాయి, రాని చోట పక్కటెముక పగిలింది. మొత్తం మూడు పగిలాయి. కప్పులో కాఫీ చల్లారకముందే రెండు.

మూడో ఏడు ఇంకా పెద్ద తెలివి. అడుగంతా బయటినుంచి ఫైబర్‌గ్లాసు తొడుగు వేయించాను. నీటికీ కర్రకీ సంబంధం లేకుండా చేస్తే గొడవే ఉండదు కదా! బయటి నీళ్ళు లోపలికి రాలేదు, నిజమే. లోపలికొచ్చిన వాననీళ్ళు మాత్రం బయటికి పోలేదు. కర్రకీ తొడుగుకీ మధ్య చెమ్మ చేరి, గాలి ఆడక, రెండేళ్ళలో గరాజంతా తడిసిన గోనెసంచి వాసన. ఒకరోజు తొడుగు అంచు పట్టుకుని లాగితే, బాగా కాలిన దోసె పెనం మీంచి లేచినట్టు మూడడుగుల పొడవున లేచొచ్చింది. దాని వెనక కర్ర కూడా కొంత వచ్చింది.

తెలిసినవాళ్ళు చేసే పద్ధతి వేరు. పడవని తిరగేసి, పాత అడుగు మొత్తం ఊడదీసి, పక్కటెముకలు ఒక్కొక్కటే చూసి పాడైనవి మార్చి, మళ్ళీ రెండు వరసల మహాగనే వేస్తారు. కాన్వాసు బదులు మధ్యలో రబ్బరులా సాగే గట్టి జిగురు పట్టిస్తున్నారు కొందరు. అది కర్రతో పాటు కదులుతుంది. ఏడాది పని. ఏడాదిపాటు పడవ తలకిందులుగా ఉంటే చుట్టాలకి ఏం చూపిస్తాం?

స్క్రూలు

ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాలి. పడవకి సిలికాన్ బ్రాంజు స్క్రూలు వాడాలంటారు. ధర చూసి నాకు కళ్ళు తిరిగాయి. గోడలకి జిప్సం బోర్డు బిగించే నల్ల ఇనప స్క్రూలు డబ్బాల కొద్దీ చవగ్గా వస్తుంటే! పగిలిన పక్కటెముకలకి అవే కొట్టాను.

మీలో కలంకారీ తెలిసినవాళ్ళుంటే జరిగింది ఊహించగలరు. తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన కసిం నీళ్ళని కరక్కాయ పట్టించిన గుడ్డమీద పెడితే నల్లరంగు పుడుతుంది. కరక్కాయలో వగరు ఉంటుంది, ఇనుముతో కలిస్తే నలుపు. ఓక్ కర్రలోనూ ఆ వగరే ఉంది. ఒక్క వేసవికి ప్రతి స్క్రూ చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. పెడన నుంచి ఎవర్నైనా పిలిపిస్తే పడవ కడుపులో ఇంత చక్కటి పని చెయ్యలేరు.

వార్నిష్

ఇది నా ప్రత్యేక విషయం, కాస్త వివరంగా చెబుతాను.

వార్నిష్‌కి ముందు కర్ర రంధ్రాలు పూడ్చే ఎర్రటి ముద్ద పూస్తారు. తడి తగ్గి మెరుపు పోయేదాకా ఆగి, గోనెగుడ్డతో కర్ర చారలకి అడ్డంగా తుడవాలి. అడ్డంగా తుడిస్తే ముద్ద రంధ్రాల్లో నిలుస్తుంది. నిలువుగా తుడిస్తే గుడ్డతో పాటు వచ్చేస్తుంది. చేతికి నిలువే హాయిగా ఉంటుంది కాబట్టి నిలువుగా తుడవండి. తర్వాత పడవ అమ్మోరు పోసి తగ్గిన మొహంలా కనిపిస్తే అది పాతదనపు అందం అనండి.

డబ్బాని మూత తెరిచేముందు కల్లుకుండ కుదిపినట్టు కుదపండి. లోపల కోటి బుడగలు లేస్తాయి, అవన్నీ డెక్కుమీద చేరి ఆవగింజల్లా గట్టిపడతాయి. నెమ్మదిగా పుల్లతో కలిపేవాళ్ళకి ఈ అందం దక్కదు.

పల్చగా పది పన్నెండు పూతలు వెయ్యాలని, పూతపూతకీ మధ్య ఆరనిచ్చి సన్న శాండ్ పేపరుతో తోమాలని, తోమిన ధూళిని తడిగుడ్డతో ఒత్తి తీసి మళ్ళీ పుయ్యాలని అంటారు. లెక్కవేస్తే నెలన్నర. పది పల్చటి పూతల బదులు ఒక్క చిక్కటి పూత వేస్తే సరిపోదా? వేశాను. పైన అరగంటలో ఆరింది. కింద ఆరలేదు. కాచిన పాలమీద మీగడ ముడతలు పడినట్టు డెక్కంతా ముడతలు. వారం తర్వాత వేలు పెడితే వేలిముద్ర పడింది. ఆ ముద్ర ఇప్పటికీ ఉంది, స్టీరింగుకి కుడిపక్కన. తోమి తీసెయ్యమని మా అమ్మాయి అంది. నేనే ఉంచాను.

సాయంత్రం పూయండి. ఎండ తగ్గి చల్లగా ఉంటుంది. రాత్రి మంచు దిగి తెల్లవారేసరికి పూత అద్దంలా కాకుండా ఆవిరి పట్టిన కళ్ళజోడులా ఉంటుంది.

ఒక్కమాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. ఆరో ఏడు, ముసలాయన పక్కన నిలబడి చెబుతుంటే, వెనక బల్ల ఒక్కదానికి పద్ధతిగా చేశాను. తొమ్మిది పూతలు. చివరి పూత రోజున ఫోమ్ రోలరుతో నేను పరుస్తుంటే, ఆయన నా వెనకే బ్రష్షు కొసతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీత లాగుతూ వచ్చాడు. బుడగలు ఆయన బ్రష్షు కింద పేలిపోతున్న చప్పుడు వినిపించింది. ఆ బల్లలో ఇప్పటికీ గరాజు ట్యూబులైటు వంకర లేకుండా కనిపిస్తుంది. ఫోటోలన్నీ వెనకనుంచే తీస్తాను.

ఇంజను, చలికాలం

ఇంజను గురించి క్లుప్తంగా. ఇంజను తిప్పే కడ్డీ పడవలోంచి నీళ్ళలోకి పోయేచోట స్టఫింగ్ బాక్స్ అని ఉంటుంది. పడవ నడుస్తున్నప్పుడు అక్కడ ఒక్కో చుక్క కారుతూ ఉండాలి, ఆ చుక్కే కడ్డీని చల్లబరుస్తుంది. మీకది అసహ్యంగా ఉంటే చుక్క ఆగేదాకా బిగించండి. కడ్డీ వేడెక్కి, లోపలి వొత్తు మాడి, ఆనక చుక్కలు కాదు, ధారే వస్తుంది.

చలికాలానికి ముందు ఇంజనులో నీళ్ళు ఖాళీ చెయ్యకండి. మిషిగన్ జనవరిలో నీళ్ళు గడ్డకట్టి పెరుగుతాయి, పోత ఇనుము పెరగదు. పగిలిన చప్పుడు మీరు వినరు. మే నెలలో ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారితే తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజను అలాగే పోయింది. దాంతో కార్డులోని ఇంజను గొడవ కూడా తీరిపోయిందనుకోండి.

పెట్రోలు ఆవిరి విషయంలో మాత్రం నా దగ్గర తప్పుడు సలహా లేదు. అది గాలికన్నా బరువు, పడవ కడుపులో చేరి పడుకుంటుంది. నాలుగైదు నిమిషాలు బ్లోయరు తిప్పి, మూత తెరిచి వాసన చూసి, అప్పుడే తాళం తిప్పుతాను. ప్రతిసారీ. మా ఆవిడ ఒడ్డున నిలబడి వాచీ చూస్తుంది.

పడవని దాచడమంటే గట్టి ప్లాస్టిక్ పట్టాతో గాలి చొరబడకుండా మూటకట్టడమే. లోపల చెమ్మ పట్టి బూజుకి పండగ. ఉప్పునీళ్ళు కర్రని పాడుచేస్తాయని మనం భయపడతాం గానీ, కర్రని తినే బూజుకి ఉప్పు పడదు. ఆవకాయలో ఉప్పు తగ్గితే ఏమవుతుందో మా అత్తగారినడగండి. కర్రకి ముప్పు మంచినీళ్ళు, అందులోనూ పైనుంచి కారి మూలల్లో నిలిచే వాననీళ్ళు. కాబట్టి పట్టాకి ఒక చిల్లు ఉంటే ఇంకా మంచిది.

అమ్మడం

మొన్న ప్రకటన ఇచ్చాను. ఫోటోలు ఆరు, ఆరూ వెనక బల్లవే. 'వంశపారంపర్య ఆల్గొనాక్ సుందరి, రీవా కళ, గరాజులో పెరిగినది' అని రాశాను.

శనివారం ఒక కుర్రాడు వచ్చాడు, పాతికేళ్ళుంటాయి. నమస్కారం పెట్టి, మెరిసే బల్ల వైపు ఒక్కసారి కూడా చూడకుండా, కార్లోంచి పాత దుప్పటి తీసి నేలమీద పరిచాడు. జేబులోంచి టార్చిలైటు, చిన్న చెక్కసుత్తి, సూదిమొన ఒకటి తీసి, వెల్లకిలా పడుకుని పడవ కిందకి జరిగాడు. నేను బయట నిలబడి గార్ వుడ్ గురించి చెప్పడం మొదలుపెట్టాను.

కిందనుంచి అట్టపెట్టె చప్పుడు వినబడింది. గొంతు ఇంకాస్త పెంచాను.